శంకరమ్మ వాటా

పోయిన వారం రేణుకను అన్నం పళ్లెం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పిల్ల ఇంకా ఆ ముద్ద మింగలేదు. "చదివితె రాజేంద్రనగర్‌ల వ్యవసాయం యూనివర్సిటీలనే చదువుత, లేకుంటె నాకు చదువే వద్దు" అని ఇంటిల్లిపాదీ తింటున్న వేళ అన్నదా, ఆ మాటకు తండ్రి ముత్తన్నకు పొలమారింది. తలుపు చాటున తల్లి శంకరమ్మ చేతిలో చారు గిన్నె ఒలికింది. పెదనాన్న ఆశన్నకు మాత్రం నవ్వొచ్చింది. నిజామాబాద్ కాలేజీలో పీయూసీ పాసైన పిల్ల. హైదరాబాదులో ఆడపిల్లలకు వేరే కాలేజీ ఉండగా, దానికి దగ్గర్లోనే మేనత్త ఇల్లుండగా, మొన్న మొన్న పెట్టిన ఆ మట్టి చదువుల బడే కావాలని మొండికెయ్యడం ఆయనకు పెద్ద తమాషాగా తోచింది.

"రేపు విత్తనం గుంత తీస్తున్నం. ఆడికొచ్చి నలుగురి ముందట జెప్పు, గదే ఎందుకు గావాల్నో. నా మనసుకు వడితె నేనే రైలెక్కిస్త. వడకపోతె మల్ల చదువు పేరెత్తద్దు. కొంగు జెక్కుకొని పసుపు నాటెతందుకు దిగు" అని షరతు పెట్టి, చెయ్యి కడుక్కుని, తృప్తిగా త్రేన్చాడు.

ఆ రేపు తెల్లవారింది.

మృగశిర చినుకులు పడి ఎడపల్లి నేలంతా మెత్తబడింది. ఆశన్న ఉతికిన ధోతి కట్టి, తలకు రుమాలు చుట్టి బావి దగ్గరి చేనుకు బయల్దేరాడు. ఈ భూప్రపంచంలో ఆశన్నకు గౌరవం ఉన్న మనిషి ఒక్కడే. ఆ మనిషి రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తాడు. మిగతావాళ్ల గురించి ఆయన అభిప్రాయాలు ఊరందరికీ కంఠతా వచ్చు. నవీపేట్ రైతులు గోదారి తడి చూసుకుని మురిసే సోమరులు. రెంజల్ వాళ్లు సగం మరాఠీ, సగం తెలుగు, పూర్తి తెలివితక్కువ. సైకిలు మీద వచ్చి ఎరువుల గురించి ఉపన్యాసాలిచ్చే గ్రామసేవక్ ఖాకీ నిక్కరు తొడిగిన సన్నాసి. తమ్ముడు ముత్తన్నకు దేవుడు నోరిచ్చి మాట ఇవ్వడం మరిచిపోయాడు. ఇక ఆడవాళ్ల గురించి ఆయనకు అభిప్రాయమంటూ ఏమీ లేదు, అభిప్రాయం పెట్టుకునేంత సంగతి వాళ్లలో ఉందని ఆయన ఏనాడూ అనుకోలేదు.

బావి పక్కన వేపచెట్టు నీడలో ఉంది ఆ గుంత. ఆశన్న తాత తవ్వించింది. పసుపు తవ్విన తర్వాత మంచి కొమ్ములు ఏరి అందులో పోసి, పసుపాకు కప్పి, పైన మన్ను, పేడ కలిపి మెత్తుతారు. మృగశిరలో మూత తీసి ఆ కొమ్ములే నాటుతారు. మళ్లీ ఆ పంటలోంచే విత్తనం, మళ్లీ అదే గుంత. ఆ ఇంట్లో విత్తనం కొనడమంటే ఇంటి ఆడవాళ్లను బజార్లో నిలబెట్టడంతో సమానం. మూడు తరాలుగా బయటి కొమ్ము ఒక్కటి ఆ చేన్లో పడలేదని ఆశన్న చెప్పని రోజు లేదు, వినేవాడు దొరకాలే గాని.

గుంత మూత తీసినప్పుడు మొదటి దోసిలి ఇంటి పెద్దే తియ్యాలి. చూడ్డానికి ఇంటివాళ్లంతా రావచ్చు, ఒక్క శంకరమ్మ తప్ప. ఆమె చేను గట్టుకు అవతలే నిలబడాలి. ఎందుకంటే, రేణుక కడుపులో ఉన్న ఏడు ఆమె విత్తనం గంప దాటిందట. కడుపుతో ఉన్న మనిషి విత్తనం దాటినందుకు ఆ ఏడు చేనంతా కుళ్లిందట. అప్పటినుంచి ఏటా ఏదో ఒక మూల నాలుగు సాళ్లు కుళ్లుతూనే ఉన్నాయి. కుళ్లిన సాళ్లకు ఆ ఇంట్లో ఒక పేరుంది. "ఈయేడు శంకరమ్మ వాటా ఎంత?" అని అడుగుతారు. అడిగి నవ్వుతారు. పక్క చేన్లవాళ్లూ నేర్చుకున్నారు ఆ మాట. రేణుక బళ్లో చేరిన కొత్తలో తోటి పిల్లలు ఆమెను "వాటా బిడ్డ" అని పిలిచేవారు.

ఆశన్న వచ్చేసరికి అందరూ నిలబడే ఉన్నారు. జీతగాడు సాయన్న పార పట్టుకుని, ముత్తన్న చేతులు కట్టుకుని. నిజామాబాద్ నుంచి ఆడ్తి రామ్‌దాస్ కూడా దిగాడు. ఆశన్న పసుపు ఏటా అతని దుకాణంలోనే అమ్ముడుపోతుంది గనక, గుంత తీసేనాడు వచ్చి విత్తనాన్ని పొగిడి, కోడికూర తిని పోవడం అతనికి అలవాటు. తెల్ల ప్యాంటుకు మట్టి అంటకుండా రాయి మీద నిలబడ్డాడు. పట్నపోడు, నేల మీద నిలబడను గూడ చాతగాదు అనుకున్నాడు ఆశన్న. పైకి మాత్రం, "రా రా రామ్‌దాసూ, మంచి తమాషా సూపిస్త" అన్నాడు.

రేణుక గుంతకు ఇవతల నిలబడింది. గట్టుకు అవతల శంకరమ్మ నెత్తి మీద కొంగు నిండా లాక్కుని నిలబడింది. ఆశన్న అటు చూడనైనా లేదు.

"ఆఁ, షురూ జెయ్యి," అన్నాడు మంచె మీద కూర్చుని. "కోడికూర సల్లారకముందే ఖతం జెయ్యాలె."

రేణుక నోరు తెరవబోయింది. అంతలో రామ్‌దాస్ నవ్వాడు. "ఆశన్నా, గింతదానికి పంచాది ఎందుకే? ఈ కాలం పిల్లలు ఫలానా కాలేజీనే గావాలె అంటున్నరంటె ఆడ ఫలానా పిల్లగాడు ఉన్నట్టే. నా మాట విను, ముందుగాల వాని పేరు అడుగు."

ముత్తన్న తల దించుకున్నాడు. ఆశన్నకు ఆ మాట ముచ్చటేసింది. ఆడ్తివాడి బుర్రలో కూడా అప్పుడప్పుడు ఏదో తగులుతుందన్నమాట.

"పేరున్నదానే? ఉంటె చెప్పు. గింత దూరం సాగదీసుడెందుకు?"

"ఉన్నది పెద్దబాపూ," అన్నది రేణుక. "శంకరమ్మ. మా అవ్వ పేరు."

రామ్‌దాస్ నవ్వు సగంలో ఆగింది. ఆశన్న మీసం సవరించుకున్నాడు. ఏడుపు నాటకం మొదలైందన్నమాట. ఆడపిల్లకు చదువు చెప్పిస్తే వచ్చే లాభం ఇదే, ఏడ్చే ఏడుపుకే నాలుగు మాటలు కలిపి ఏడుస్తుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అన్నారా!

"మీ అవ్వ ఆడ ఏం జేస్తున్నదే? మాస్తరు నౌకరీ దొరికిందా?"

"నవ్వకు పెద్దబాపూ. అడిగినవ్, చెప్తున్న. సంక్రాంతి అయినంక నిజామాబాద్‌ల ఎగ్జిబిషన్ పెట్టిండ్రు. కాలేజీ పిల్లలమందరం పోయినం. ఆడ రెండు కుండీలు వెట్టిండ్రు. రెండిట్ల పసుపే. ఒకదాంట్ల పచ్చగున్నది. ఇంకోదాంట్ల ఆకులు కొసలకెళ్లి ఎండి, మొదలు మెత్తవడి, ఒరిగి ఉన్నది. వంగి వాసన సూసిన. మన చేను వాసనే."

"కుళ్లు వాసన సూడను నిజామాబాద్ దాక పోయినవా? ఈడ ఊకెనే వస్తుండె గద. మీ అవ్వ వాటా."

సాయన్న కిసుక్కుమన్నాడు. రేణుక అటు చూడలేదు.

"కుండీల కాడ ఒక అక్క ఉండె. రాజేంద్రనగర్‌ల చదువుతదట. ఇదెట్ల కుళ్లిందక్కా అని అడిగిన. 'మేమే కుళ్లవెట్టినం' అన్నది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆశన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి రుమాలు కొసతో తుడుచుకున్నాడు.

"ఇన్నవారా రామ్‌దాసూ! మనం కుళ్లకుండ సూసుకోవాల్నని రాత్రింబగళ్లు సస్తుంటె, వీండ్లు కుళ్లవెడుతున్నరట! దానికి సర్కారు బిల్డింగు, జీతాలు, ప్యాంట్లు! ఎద్దు తోక ఎటున్నదో ఎరుకలేనోడు సేద్యం నేర్పుతడు, కుండీల పసుపు కుళ్లవెట్టినోనికి పట్టా ఇస్తరు. అరే, గట్లయితె మీ అవ్వనే పంపుదం. ఆమెకంటె పెద్ద పండితురాలు ఎవలున్నరు? చేన్లకు చేన్లు కుళ్లవెట్టింది!"

రామ్‌దాస్ కూడా నవ్వాలి గనక నవ్వాడు. గట్టు అవతల శంకరమ్మ కదల్లేదు. ముత్తన్న కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. ఆశన్నకు తమ్ముడి మీద ఎప్పటిలాగే అసహ్యం కలిగింది. పెళ్లాన్ని ఇంత మాటంటే ఎవడైనా పక్కనున్న పార అందుకుంటాడు, వీడు మట్టి గీకుతాడు. తానే అన్నాడన్న సంగతి ఆ అసహ్యానికి అడ్డం రాలేదు.

"ఇంకొకటి అడిగిన పెద్దబాపూ," అన్నది రేణుక, నవ్వులు ఆగేదాకా ఆగి. "ఈ కుండీని ఎవలు దాటిండ్రు అని అడిగిన."

నవ్వులు నిజంగానే ఆగాయి.

"ఆ అక్కకు సమజ్ కాలె. దాటుడేంది అన్నది. కడుపుతోని ఉన్నోళ్లు ఎవలన్న దాటిండ్రా అని మల్ల అడిగిన. అందరు నవ్విండ్రు, నీ లెక్కనే. ఆమె నవ్వలె. నన్ను పక్కన కూసోవెట్టుకొని చెప్పింది. కుళ్లిన దుంప ముక్కొకటి మంచి మట్టిల వెట్టిండ్రట. దాని పక్కన మంచి కొమ్ములు నాటిండ్రట. గంతే. ఎవలు దాటలె, ఎవలు ముట్టలె. మంచియి గూడ కుళ్లినయట."

"అయితే?"

"అయితే నేను ఆడికే పోవాలె. వేరే కాలేజీల ఇంగ్లీషు చెప్తరు, చరిత్ర చెప్తరు. మా అవ్వ సంగతి ఎవలు చెప్తరు? వాళ్లు చెప్పింది గూడ నేను ఊకెనే నమ్మ. మన మట్టి, మన కొమ్ములు తీస్కపోత. కుండీలల్ల వెట్టి, నా చేతులతోని కుళ్లవెట్టి సూస్త. మా అవ్వ తప్పే అని తేలిందనుకో, వచ్చి నీ కాళ్లు మొక్కుత, పసుపు నాటుకుంట బతుకుత. తేలలేదనుకో…"

"తేలకుంటె?"

"ఆ మాట పుట్టించినోళ్లు ఎవలో, వాళ్లు మా అవ్వ ముందట నిలవడాలె."

పిల్ల ఎవరి పేరూ ఎత్తలేదు. ఆశన్న వైపు ప్రత్యేకంగా చూడనైనా లేదు. అయినా ఆయన చెయ్యి తనకు తెలియకుండానే రుమాలు సర్దుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మనుషులకు పుట్టుకతో వచ్చిన విద్య, దానికి ఏ యూనివర్సిటీ అక్కర్లేదు.

ఎందుకంటే ఆ మాట పుట్టించిన నోరు ఆశన్నదే.

ఆ ఏడు వైశాఖంలో గాలివాన కొట్టి గుంతలోకి నీళ్లు దిగాయి. వాన వెలిశాక అనుమానంతో మూత తీసినప్పుడు ఒక వాసన వచ్చింది. ఆశన్న ఒక్కడే ఉన్నాడప్పుడు. మెత్తబడ్డ కొమ్ములు ఏరి బావి వెనక పారబోశాడు, గట్టిగా ఉన్నవి నాటించాడు. మంచి విత్తనం కోసం ఎవడి గడపో తొక్కడం ఆ ఇంట్లో జరిగే పని కాదు మరి. భాద్రపదంలో చేనంతా ఒరిగి కంపు కొడుతుంటే ఊళ్లో పదిమంది గట్టు మీద చేరి, "ఏందన్నా, గిట్లెట్లయింది, విత్తనం చెడ్డదా?" అని అడిగారు. ఆశన్న విత్తనం చెడ్డదా! ఆ క్షణంలో ఆయన కంటికి నిండు గర్భంతో నీళ్లబిందె మోసుకొస్తున్న మరదలు కనబడింది. "విత్తనం కాదు, గదీ, గంప దాటింది" అని నోట్లోంచి వచ్చేసింది. దాటిందో లేదో ఆయనకూ తెలియదు. కానీ ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి పెంచితే దాని మీద కన్నకొడుకు మీద ఉన్నంత ప్రేమ పుడుతుంది. ఆశన్న దాన్ని అట్లాగే సాకాడు. బావి వెనక పారబోసిన కొమ్ముల సంగతి ఇవాళ్టిదాకా తనకు తానే గుర్తు చెయ్యలేదు.

ఇప్పుడు ఈ వేలెడంత పిల్ల గుర్తు చేసింది. ఎంత పొగరు!

"అయిపోయిందా నీ పురాణం?" అని లేచాడు. "నా మనసుకు వడలె. సాయన్నా, మూత తియ్యి. జల్ది. విత్తనం నాటే యాళయితున్నది, పోరగాండ్ల ముచ్చట్లు వినుకుంట కూసుంటె ఎట్ల?"

సాయన్న పారతో పైన ఎండిన పేడపెచ్చు లేపాడు. ఈ ఏడూ వైశాఖంలో వాన పడింది. పడిందనే, గుంతకు ఊపిరాడటానికి పైన వదిలే బొక్కను కూడా ఆశన్న తన చేతులతోనే పేడ పెట్టి మూసేశాడు. ఒక్క చుక్క దిగొద్దని. నీళ్లు దిగితే ఏమవుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

ఆనవాయితీ ప్రకారం ఆశన్న మోకాళ్ల మీద కూర్చుని, పసుపాకు పక్కకు తీసి, మొదటి దోసిలి కోసం చెయ్యి లోపలికి పెట్టాడు.

పైన రెండు వరసలు గట్టిగానే తగిలాయి. ఆ కింద చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. వెచ్చగా, జారుడుగా, మణికట్టు దాకా దిగబడింది.

ఆశన్న ముఖంలో ఏమీ కదల్లేదు. ఇంటి పెద్దరికమంటే ముఖం కదలకపోవడమేనని ఆయన నమ్మకం. చెయ్యి మాత్రం లోపల ఇంకో పక్కకు జరిపి చూశాడు. అక్కడా అంతే.

"ఎట్లున్నదన్నా మాలు?" అని రాయి మీదనుంచే వంగాడు రామ్‌దాస్.

"బంగారమే," అన్నాడు ఆశన్న. "ఎన్నడన్న వేరె తీరుగ ఉన్నదా?"

చెయ్యి బయటికి తీసి ఎవరూ చూడకముందే ధోతి మడతలోకి పోనిచ్చాడు. పైనున్న గట్టి కొమ్ములు రెండు ఎడమచేత్తో తీసి రామ్‌దాస్‌కు చూపించి, ఆకు మళ్లీ మీదికి లాగాడు. "ముహూర్తం సక్కగ లేదు. మాపటికి తీద్దం. సాయన్నా, కప్పు."

అప్పుడు ముత్తన్న తల ఎత్తాడు. గాలి అతనివైపే వీస్తున్నది. దేవుడు మరిచిపోయిన ఆ మాట అతనికి ఇన్నేళ్లకు అప్పుడే అందినట్టుంది.

"అన్నా, వాసనొస్తున్నది."

"వాన వాసన."

"కాదన్నా."

ఆశన్న జీవితంలో తమ్ముడు 'కాదు' అనడం అదే మొదటిసారి. రామ్‌దాస్ జేబురుమాలు తీసి మెల్లగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ రుమాలు చూస్తే ఆశన్నకు ఒళ్లు మండింది. ఈ ఆడ్తివాడు సాయంత్రానికి నిజామాబాద్ గంజ్‌లో దుకాణం దుకాణానికీ చెబుతాడు. పిల్ల రెండడుగులు ముందుకేసింది. దాని చూపు గుంత మీద లేదు. ఆయన ధోతి మడత మీద ఉంది.

పెద్దమనుషులకు బుద్ధి పుట్టేది ఇట్లాంటి ఇరుకుల్లోనే. ఆశన్నకూ పుట్టింది.

"రేణుకా," అన్నాడు. గొంతులో ఎక్కడలేని ప్రేమ. "నువ్వన్న మాట మల్ల ఆలోచన జేసిన. సర్కారు చదువు, నాలుగక్షరాలు వస్తయి. పో. రాజేంద్రనగరే పో. ఇయ్యాల మాపటి రైలుకే నేను తోలిస్త. మీ బాపు వెంట వస్తడు. ఉండుడు, తినుడు అంత నేను సూసుకుంట."

రేణుక నమ్మలేనట్టు చూసింది. ముత్తన్న నోరు తెరుచుకుంది.

"కాని ఒక్క షరతు. ఈడికెళ్లి పిడికెడు మట్టి గాని, ఒక్క కొమ్ము గాని తీస్కపోవద్దు. ఆడ పోయి మీ అవ్వ పేరు, ఈ చేను పేరు ఎత్తద్దు. పోయిందేదో పోయింది. నువ్వు మంచిగ చదువు, పెద్ద ఆఫీసరువు గా. ఒప్పుకుంటవా? ఒప్పుకుంటె ఇప్పుడే ఇంటికి పోయి బట్టలు సర్దుకో. ఈడ నిలవడకు."

ఎంత చవకగా తెగుతుందో చూడు బేరం, అనుకున్నాడు. ప్రతి మనిషికీ ఒక ధర ఉంటుంది, ఆడపిల్లకు రైలు టికెట్టు చాలు. వాళ్లవ్వ కోసం పోతానన్నదే, అవ్వను ఇక్కడ వదిలి ఎట్లా పరుగెడుతుందో ఇప్పుడు చూడాలి.

రేణుక పెదవి కొరుక్కుంది. ఆ పిల్ల నిజంగానే తడబడింది, అబద్ధమెందుకు. ఎన్ని రోజులుగా కలలు కన్న చదువు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చి నిలబడింది. ఒక్క 'సరే' అంటే చాలు. ఆమె తల తిప్పి గట్టు వైపు చూసింది. ఆశన్న కూడా, ఇన్నేళ్లలో మొదటిసారి, అటు చూశాడు.

శంకరమ్మ నెత్తి మీది కొంగు జారి ఉంది. సర్దుకోలేదు. పెళ్లయి వచ్చిన నాటినుంచి బావగారి ముందు పెదవి విప్పని మనిషి, చిన్న గొంతుతోనే, అందరికీ వినబడేలా మాట్లాడింది.

"బావా, నా బిడ్డ పోతదో పోదో తర్వాత సంగతి. ఆ గుంత కాడికి నేను ఎన్నడు రాలె, ఒక్క కొమ్ము ముట్టలె. మరి లోపట నా వాటా ఎట్లొచ్చింది?"

"ఏయ్! ఆడనే ఆగు!" అని ఆశన్న చెయ్యెత్తి అరిచాడు. కంగారులో ఎత్తింది కుడిచెయ్యి. వేళ్ల సందుల్లోంచి మణికట్టు మీదికి కారుతున్న నల్లటి కుళ్లును అందరూ చూశారు.

శంకరమ్మ కూడా చూసింది. చూసి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, గట్టు దాటింది.